ముగింపు దాచలేని ఇసొగాయ్

ఇసొగాయ్ కిసబురోకి ఒకే ఒక్క జబ్బు. ఏ కథ ముగింపూ కడుపులో దాచుకోలేడు.

ఈ జబ్బు ఇంకెవరికైనా ఉంటే పెద్ద ఇబ్బంది లేదు. వినేవాళ్ళు విసుక్కుని లేచిపోతారు. కాని ఇసొగాయ్‌ది వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణం. కజహయ రేవు మొత్తానికి అదొక్కటే. అందులో సగం వాళ్ళ నాన్న నాటి గాలాలూ, దారాలూ. మిగతా సగం క్యాసెట్లు. గాలం కొన్నవాడు సుఖంగా ఇంటికెళ్ళేవాడు. క్యాసెట్ తీసుకున్నవాడికి మాత్రం కథ అక్కడే, బల్ల దగ్గరే అయిపోయేది.

"వంటవాడు," అనేవాడు ఇసొగాయ్, పెట్టె మీద బొమ్మ చూడగానే.

"ఏ వంటవాడు బాబాయ్?"

"హంతకుడు. చూస్తున్నంతసేపూ నువ్వు పెద్దకోడల్ని అనుమానిస్తావు. ఆవిడ ఏ పాపం ఎరుగదు. అనవసరంగా మనసు పాడుచేసుకోకు."

"నేనింకా తీసుకుంటానని అన్లేదు కదా!"

"అందుకే ముందే చెప్తున్నా."

గొప్పకి చెప్పేవాడు కాదు. ఎదుటివాడి నెత్తిన ఏదో పడబోతోందన్నంత ఆదుర్దాగా, కనుబొమలు పైకెత్తి, చెయ్యి పట్టుకుని మరీ చెప్పేవాడు. ఎండు స్క్విడ్‌లా సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి బల్ల మీదుగా అలా వంగితే తప్పించుకోవడం కష్టం. అందుకని ఆయన భార్య సదయో గుమ్మం దగ్గర ఒక పింగాణీ గిన్నె నిండా దూది ఉండలు పెట్టించింది. లోపలికొచ్చేవాళ్ళు చెప్పులు దులుపుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, అప్పుడు తలుపు జరిపేవాళ్ళు.

దూదితో కూడా పూర్తిగా లాభం లేకపోయింది. వినపడటం లేదని గ్రహించగానే ఇసొగాయ్ చేతులతో మొదలెట్టేవాడు. గుండె పట్టుకుని బల్ల మీద ఒరిగిపోయేవాడు, కాసేపటికి ఒక కన్ను తెరిచి, బతికే ఉన్నానన్నట్టు చెయ్యి ఊపేవాడు. మంగలి షాపాయన ఒకసారి చెవుల్లో దూది పెట్టుకుని, కళ్ళు కూడా మూసుకుని లోపలికొచ్చి, తిన్నగా గాలాల బుట్టలో చెయ్యి పెట్టాడు.

బడిలో పిల్లలు నాటకం వేసినప్పుడైతే మరీ అన్యాయం. కథలో నక్క వలలో చిక్కుకుంది. చిన్నపిల్లలంతా ఊపిరి బిగబట్టారు. వెనక వరుసలోంచి ఇసొగాయ్ లేచి నిలబడ్డాడు. "ఏం ఫర్వాలేదు! ఇప్పుడు ఎలక వచ్చి తాడు కొరికేస్తుంది. ఎవరూ ఏడవకండి!"

ఎవరూ ఏడవలేదు, తెర వెనక తన వంతు కోసం కాచుకున్న ఎలక తప్ప.

"ఏవండీ, మీరు నోరు మూసుకుంటే కొంప మునిగిపోతుందా?" అని సదయో ఆ రోజు దారిపొడుగునా సాధించింది.

"ఆ పసివాళ్ళ మొహాలు చూశావా? ఎంత బెంగగా ఉన్నాయో!"

"బెంగ పడటానికే కదండీ నాటకానికొచ్చేది!"

ఈ మాట మాత్రం ఇసొగాయ్‌కి ఎన్నడూ బోధపడలేదు.

మినెకోకి ఆయనంటే భయం, భక్తి, ఒళ్ళుమంట, మూడూ కలిపి ఉండేవి. ఆమె రేవు పక్కన స్క్విడ్ ఆరబెట్టే షెడ్డులో పనిచేసేది. పెళ్ళి కాకముందు ఒకనాడు ఇదే దుకాణంలో 'చుక్కల స్నానశాల' మొదటి క్యాసెట్ కోసం చెయ్యి చాపితే, అటువైపు నుంచి ఇంకో చెయ్యి కూడా చాపింది. ఆ చేతి తాలూకు మనిషి తెప్పెయ్, హోయెయ్-మారు అనే స్క్విడ్ పట్టే పడవ మీద పనివాడు. మీరు తీసుకోండి అంటే మీరు తీసుకోండి అని ఇద్దరూ తలలు వంచుకుంటూ నిలబడితే ఇసొగాయ్‌కి ఓపిక నశించింది.

"ఎందుకర్రా ఈ సాగదీత? చివరికి మీరిద్దరూ పెళ్ళి చేసుకుంటారు. ఒకే క్యాసెట్ చాలు."

మినెకో మొహం ఎర్రబారిపోయింది. తెప్పెయ్ ఆ కంగారులో క్యాసెట్ బదులు గాలాల పొట్లం పట్టుకుని వెళ్ళిపోయాడు. ఏడాది తిరిగేసరికి పెళ్ళయింది. పెళ్ళిలో మినెకో తండ్రి కళ్ళు తుడుచుకుంటుంటే ఇసొగాయ్ ఆయన చెవిలో, "కాసేపట్లో అందరూ భోంచేస్తారు, ధైర్యంగా ఉండండి," అన్నాడు.

అప్పటినుంచి ఆ బొమ్మల కథ మొగుడూ పెళ్ళాలిద్దరికీ ప్రాణం. అది టీవీలో రాదు. నెలల తరబడి ఆగితే ఒక్కో క్యాసెట్ వస్తుంది. గ్రహం నుంచి గ్రహానికి తిరిగే ఓడ ఒకటి, దాని నిండా వేణ్ణీళ్ళ తొట్లు. ఊరూరా దిగి, బడలిపోయిన గ్రహాంతరవాసులకి స్నానాలు చేయించడం దాని పని. ఓడ కెప్టెన్‌కి నీళ్ళంటే భయం. బాయిలర్ దగ్గర పనిచేసేది ఒక ఆక్టోపస్. ఎనిమిది చేతులతో ఎనిమిది పనులు మొదలెట్టి ఒక్కటీ పూర్తిచెయ్యదు. గల్లా దగ్గర కూచునే మిమిరు అనే పిల్ల ఎవరొచ్చినా "చెప్పులు అక్కడ పెట్టండి" అంటుంది, వాళ్ళకి కాళ్ళు లేకపోయినా సరే.

ఐదో క్యాసెట్ ఆఖర్లో బాయిలర్ ఆరిపోయింది. ఓడ చీకట్లో దిక్కు లేకుండా కొట్టుకుపోతుండగా కథ ఆగిపోయింది. ఆరో క్యాసెట్‌తో అంతా ముగుస్తుంది. అది రావడానికి ముందే హోయెయ్-మారు వేటకి బయల్దేరింది. పడవలోవాళ్ళు ఎప్పటిలాగే దారిలో చూడటానికి క్యాసెట్లు తీసుకెళ్ళారు. అందులో ఈ ఐదోది కూడా ఉంది, మళ్ళీ మళ్ళీ చూడటానికి.

"ఆరోది వస్తే నువ్వొక్కదానివే చూసెయ్యవు కదా?" అన్నాడు తెప్పెయ్ రేవులో.

"నువ్వు వచ్చాకే. ఇద్దరం కలిసే. మరి నువ్వు? పక్క పడవవాళ్ళు వైర్లెస్‌లో చెప్పేస్తే?"

తెప్పెయ్ కోటు జేబులోంచి గుప్పెడు దూది తీసి చూపించాడు. ఇసొగాయ్ దుకాణం గుమ్మం దగ్గరి గిన్నెలోది.

ఆరో క్యాసెట్ వచ్చిన రోజున మినెకో షెడ్డులో ఏప్రన్ కూడా విప్పకుండా దుకాణానికి పరిగెత్తింది. ఏ క్యాసెట్ వచ్చినా ఇసొగాయ్ ముందు తను చూసి గాని అరలో పెట్టడు. అప్పుడే చూడటం ముగించి బల్ల దగ్గరికి వస్తున్నాడు. నోరు తెరవబోతున్నాడు.

"వద్దు!" అని అరిచింది మినెకో. ఆమె గొంతు అంత పెద్దదని ఆమెకే తెలీదు. "బాబాయ్‌గారూ, మీకు దణ్ణం పెడతాను. ఆయన వచ్చేదాకా నాకు చెప్పకండి. ఒక్క ముక్క కూడా. చేతులతో కూడా!"

ఇసొగాయ్ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. "అమ్మాయ్, అంతకాలం నువ్వు ఏమీ తెలీకుండా..."

"ఉంటాను."

"రాత్రిళ్ళు నిద్ర పడుతుందా?"

"పడుతుంది. మాటివ్వండి."

మాట ఇచ్చాడు. ఇస్తున్నప్పుడు ఆయన మొహం పన్ను పీకించుకుంటున్నవాడిలా ఉంది. లోపలినుంచి సదయో, "ఇది జరిగే పని కాదు తల్లీ, పొద్దుగూకేలోపు కక్కేస్తారు," అంది.

కక్కలేదు. మర్నాటినుంచి ఇసొగాయ్ మూతికి జలుబు మాస్కు కట్టుకుని తిరిగాడు. మినెకో వీధి ఈ చివర కనబడితే ఆ చివర సందులోకి తిరిగేవాడు. ఒకసారి కూరగాయల కొట్టు దగ్గర ఎదురుపడితే రెండు పెద్ద ముల్లంగులు మొహానికి అడ్డం పెట్టుకుని, ఆమె వెళ్ళేదాకా కదలకుండా నిలబడ్డాడు. ఊరి స్నానశాలలో మగవాళ్ళ వైపు నుంచి గోడ మీదుగా ఆయన మూలుగులు వినిపించేవి. ఆడవాళ్ళ వైపు మినెకో ఉందని తెలిసి ముక్కుదాకా నీళ్ళలో మునిగి కూచునేవాడట.

మినెకోకి మొదట్లో నవ్వొచ్చింది. తరవాత వాతావరణం మారింది.

పడమటి గాలి లేచింది. చలికాలం తొలి ఉరుములు సముద్రం మీద దొర్లాయి. మామూలుగా ఆ ఉరుములు వింటే ఊరికి పండగే, వాటి వెనకే పెద్ద చేపలు తీరానికి వస్తాయి. ఈసారి ఉరుముల వెనక మంచు తుపాను వచ్చింది. మిగతా పడవలన్నీ ఒకటొకటిగా రేవుకి చేరాయి, లేదా ఫలానా చోట తలదాచుకున్నామని వైర్లెస్‌లో కబురు పెట్టాయి. హోయెయ్-మారు దగ్గర్నుంచి మాత్రం ఏ కబురూ లేదు.

"కురొతా సంగతి తెలిసిందే కదా," అని షెడ్డులో ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్నారు. కురొతా ఆ పడవ కెప్టెన్. నోరు విప్పితే తనెక్కడున్నాడో పక్క పడవలకి తెలిసిపోతుందనీ, తన స్క్విడ్ వాళ్ళు పట్టుకుపోతారనీ వైర్లెస్‌లో పలకడు. ఎండలో పలకడు, వానలో పలకడు. భార్య కన్నప్పుడు కూడా కొడుకో కూతురో విని ఊరుకున్నాడు గాని, సరే అని కూడా అనలేదు.

"అయినా ఇంత గాలిలో కూడానా?" అని ఎవరో అన్నారు. అందరూ తలలు వంచుకుని మళ్ళీ కత్తులు అందుకున్నారు.

మినెకో రేవు దగ్గర చేపలవాళ్ళ సహకార సంఘానికి వెళ్ళింది. మేడ మీద వైర్లెస్ గది. అక్కడ పనిచేసే గెంజో సదయోకి తమ్ముడు. ఆయన తలుపు సందులోంచి మొహం పెట్టి, "ఏమీ లేదమ్మా. ఉంటే నేనే వచ్చి చెప్తాను," అన్నాడు. ఆయన కళ్ళ కింద నల్లటి చారలున్నాయి.

తిరిగి వస్తుంటే వంతెన మీద ఇసొగాయ్ ఎదురయ్యాడు. ఆమెని చూడగానే ఆగిపోయాడు. మాస్కు పైన కళ్ళు రెండూ నిండుగా, బాధగా, ఏదో చెప్పాలని పొంగిపోతున్నట్టు ఉన్నాయి. గబుక్కున వెనక్కి తిరిగి మంచులో జారుతూ పారిపోయాడు.

మినెకో వంతెన మీదే ఆగిపోయింది.

బొమ్మల కథ సంగతి ఆ క్షణాన ఆమెకి తట్టనే లేదు. ఆయన బావమరిది ఉన్నది వైర్లెస్ గదిలో. ఆ ఇంట్లో ఎవరికి ఏం తెలిసినా ఆయనకి తెలుస్తుంది. తెలిసిందేదీ దాచలేని మనిషి ఆయన. అలాంటివాడు తనని చూసి నోరు నొక్కుకుని పారిపోతున్నాడంటే...

సాయంత్రానికల్లా ఈ లెక్క ఆడవాళ్ళందరికీ అందింది. "ఇసొగాయ్ చెప్పట్లేదట" అన్న మాట ఇంటింటికీ పాకింది. ఆయన ఎప్పుడు నోరు మూస్తాడా అని ఏళ్ళ తరబడి మొక్కుకున్న ఊరు, ఇప్పుడు ఆయన నోరు మూశాడని వణికిపోయింది. మంగలి షాపాయన దూది లేకుండా దుకాణానికి వెళ్ళి, "ఏదో ఒకటి చెప్పు కిసబురో, ఆ వంటవాడి సంగతైనా చెప్పు," అని బతిమాలాడు. ఇసొగాయ్ వంటవాడి సంగతి చెప్పాడు గాని, మనసు పెట్టి చెప్పలేదు. దాంతో ఊరికి భయం ఇంకా పెరిగింది.

మర్నాడు పొద్దున మినెకో అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేక కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఇసొగాయ్ మాస్కు కట్టుకుని, గొడుగు కూడా లేకుండా, సహకార సంఘం వైపు పరిగెత్తుతూ కనిపించాడు. ఆ మనిషి పరిగెత్తడం ఆమె అంతవరకు చూడలేదు. మోకాళ్ళూ మోచేతులూ నాలుగు దిక్కులకి పోతున్నాయి.

కబురు వచ్చింది, అనుకుంది మినెకో. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెనకే పరిగెత్తింది.

మేడ మీద గది తలుపు తీసేసరికి ఇసొగాయ్ రొప్పుతూ బల్లకి ఆనుకుని ఉన్నాడు. గెంజో మైకు ముందు కూచుని పిలుస్తున్నాడు. "హోయెయ్-మారు, హోయెయ్-మారు. ఇది కజహయ. వినబడితే జవాబివ్వండి." పెట్టెలోంచి ఇసకలో నీళ్ళు ఇంకుతున్న చప్పుడు తప్ప ఇంకేం రాలేదు.

"బాబాయ్‌గారూ," అంది మినెకో. "ఏం తెలిసిందో చెప్పేయండి. నేను తట్టుకుంటాను. మీరు నన్ను చూసి పారిపోతుంటే నాకు..."

ఇసొగాయ్ కళ్ళు గుండ్రంగా అయిపోయాయి. "పడవ సంగతా? పడవ గురించి నాకు తెలిస్తే నీకు చెప్పకుండా ఉంటానా తల్లీ? నీ తలుపు బద్దలుకొట్టి చెప్పేవాణ్ణి! నేను పారిపోతున్నది ఆ ఆరో క్యాసెట్ గురించి! నువ్వే కదా ఒట్టు వేయించుకున్నావు!"

"క్యాసెట్టా?"

"మరి! ఊరంతా నన్ను చూసి గుండెలు బాదుకుంటున్నారని ఇప్పుడే సదయో చెప్పింది. అందుకే పరిగెత్తుకొచ్చా."

మినెకోకి ఏడవాలో కొట్టాలో తెలియలేదు. కబురు చెడ్డది కాదు. కాని మంచిదీ రాలేదు. సముద్రం అలాగే ఉంది, పెట్టె అలాగే గుసగుసలాడుతోంది.

ఇసొగాయ్ పెట్టె వైపు తలాడించాడు. "గెంజో, వాళ్ళకి మన మాట వినబడుతుందంటావా?"

"కురొతా వింటాడు బావా. వినడం ఎప్పుడూ మానడు, పక్కవాళ్ళ గుట్టు కావాలి కదా. పలకడు, అంతే. పలికేలా ఉంటే..." గెంజో మినెకో వైపు చూసి ఆపేశాడు.

"ఆ పడవలో ఐదో క్యాసెట్ ఉంది కదమ్మాయ్?"

"ఉంది."

"అంటే వాళ్ళంతా బాయిలర్ ఆరిపోయిన దగ్గర ఆగిపోయి ఉన్నారు." ఇసొగాయ్ మాస్కు కిందికి లాగాడు. "ఇలా ఇవ్వరా ఆ మైకు."

"బావా! ఇది వాతావరణ హెచ్చరికలు చదివే మైకు! పైవాళ్ళకి తెలిస్తే నా ఉద్యోగం..."

"ఇదీ హెచ్చరికే. అమ్మాయ్, చెవులు మూసుకో."

"ఇప్పుడా?!"

"మాటిచ్చానమ్మా. మూసుకో!"

మినెకో రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుంది. ఇసొగాయ్ పెదవులు కదలడం మొదలెట్టాయి. చేతులు కూడా లేచాయి, వేళ్ళు ఎనిమిది పాయలుగా విప్పుకుంటున్నాయి. చేతులతో కూడా చెప్పేస్తాడని గుర్తొచ్చి ఆమె చప్పున గోడ వైపు తిరిగింది. గోడకి ఆటుపోట్ల కేలండర్ ఉంది. దాని మీద ఒక పెద్ద రొయ్య బొమ్మ. తన మొగుడు బతికున్నాడో లేదో తేలే వేళకి ఆమె రొయ్య మీసాలు చూస్తూ నిలబడింది. ఏమీ వినబడదు, ఏమీ కనబడదు. రొయ్య కూడా కంగారుగానే ఉన్నట్టు తోచింది.

ఎంతసేపైనా ఎవరూ భుజం తట్టలేదు. ఇక ఆగలేక ఒక చెవి మీద ఒక్క వేలు ఎత్తింది.

"...బాయిలర్ మూత తీశాడు," అంటున్నాడు ఇసొగాయ్ మైకులో. "తొంగి చూశాడు. లోపల ఏముందో తెలుసా?" ఆగాడు. "చెప్పను."

గెంజో కుర్చీలోంచి కింద పడబోయాడు. ఆ నోట ఆ మాట పుట్టి బుద్ధెరిగాక ఎవరూ వినలేదు.

"చెప్పను. ఎవరైనా జవాబిస్తేనే చెప్తాను. ఓవర్."

పెట్టెలో ఇసక చప్పుడు. ఇసొగాయ్ నుదుటి మీద చెమట పట్టింది. మొహం వంకాయ రంగులోకి తిరిగింది. ముగింపు ఆయన గొంతులో అడ్డం పడి, బయటికి రావడానికి తన్నుకుంటోందని చూస్తేనే తెలుస్తోంది. రెండు చేతులతో నోరు నొక్కుకున్నాడు. మినెకో తన చెవులు మరిచిపోయి ఆయన మోచెయ్యి పట్టుకుంది. చెప్పేయకండి బాబాయ్, చెప్పేయకండి, అనుకుంది లోలోపల. కాసేపు ఆగండి.

పెట్టె టప్పుమంది.

"మేం బుల్లి పడవ వాళ్ళం," అంది ఒక గొంతు. పక్క రేవు పడవ. "ఏముందండీ ఆ మూత కింద?"

"మీరు కాదు!" అని గెంజో కసిరాడు. "మీరు తప్పుకోండి!"

మళ్ళీ ఇసక. ఇసొగాయ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, బిగబట్టడం వల్ల.

అప్పుడు పెట్టె మొత్తం అదిరింది. "ఏముందయ్యా?! కిసబురో! ముసలివాణ్ణి, గుండె ఆగి ఛస్తాను! ఏముంది అందులో?"

అది హోయెయ్-మారు సరంగు గొంతు. వెనకాల కురొతా అరుస్తున్నాడు. "మైకు వదలరా! చోటు తెలిసిపోతుంది! కింద నీళ్ళనిండా స్క్విడ్ కుప్పలుగా ఉంది!"

"మీ స్క్విడ్ తగలెయ్య! ముందు మూత సంగతి తేలాలి!"

"సరంగు గారూ, అందరూ క్షేమమేనా?" అని గెంజో మైకు లాక్కున్నాడు.

"క్షేమమే, క్షేమమే, దీవి చాటున లంగరేశాం. గాలి తగ్గగానే వస్తాం. మూత!"

మినెకో గుండె ఎగిసింది. అంతలోనే దిగింది. సరంగు, కెప్టెన్, వెనక ఇంకెవరెవరో గోల చేస్తున్నారు. ఆ గోలలో ఒక గొంతు లేదు. "ఆయనో?" అంది. "తెప్పెయ్ వినబడలేదే?"

గెంజో అడిగాడు. అటు గోల ఆగింది. ఆ కాసేపట్లో మినెకో రొయ్య బొమ్మ కేలండర్‌ని గోడ మీంచి పీకేసి చేతిలో నలిపేసింది.

"తెప్పెయా?" అన్నాడు సరంగు. "వాడు వంటగదిలో దూరాడు. చెవుల్లో దూది కుక్కుకుని, పైన దుప్పటి కప్పుకున్నాడు. నువ్వు మైకులో ఆ కథ పేరు చెప్పగానే ఒకటే పరుగు కిసబురో. పెళ్ళానికి మాటిచ్చాడట. ఇక్కడ ఒకడు బియ్యం బస్తా మీద కూచుని పాట పాడుకుంటున్నాడు, వినబడుతోందా? అది వాడే."

నిజంగానే, ఇసక చప్పుడుకి అడుగున, శ్రుతి లేని ఒక కూనిరాగం వినబడింది. మినెకో నేల మీద చతికిలబడి పగలబడి నవ్వింది.

"అమ్మాయ్," అన్నాడు ఇసొగాయ్ నీరసంగా, "ఇంక ఆగలేను. చెవులు."

ఆమె ఈసారి సంతోషంగా మూసుకుంది. ఆ పొద్దున సముద్రం మీదున్న పడవలన్నిటికీ 'చుక్కల స్నానశాల' ముగింపు తెలిసిపోయింది. తెలియనిది ఇద్దరికే.

కిందికి దిగేసరికి సదయో గొడుగు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది. సంగతంతా విని, మొగుడి మెడలోని మాస్కు లాగి జేబులో పెట్టుకుంది. ఆయన నాలుగడుగులు ముందుకి పోయాక మినెకోతో అంది:

"ఈ జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా నీకు? దుకాణం పెట్టకముందు మా మావగారి పడవ ఒకసారి ఇలాగే తుపానులో కనబడకుండా పోయింది. నిజానికి ఆయన పక్క రేవులో దిగి, హాయిగా సారా తాగుతున్నాడు. ఆ సంగతి ఇక్కడి ఆఫీసులో ఒకాయనకి తెలుసు. ఎవరో ఒకరు చెప్పే ఉంటార్లే అని ఊరుకున్నాడు. మా అత్తగారు ఏడ్చి ఏడ్చి, చివరికి గుడి పంతుల్ని పిలిపించి మంత్రాలు చదివించి, ఊరందరికీ భోజనాలు పెట్టింది. మా మావగారు సరిగ్గా వడ్డన వేళకి వచ్చి, ఎవరి దినమో అడక్కుండా కూచుని రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు."

"అయ్యో!"

"అప్పటికి ఈయన ఇంతంత. వాళ్ళమ్మ మొహం చూశాడు. అంతే. ఈయన దృష్టిలో ముగింపు తెలిసి చెప్పకపోవడం కన్నా పాపం లేదు. బంగారం లాంటి మనిషే, ఒప్పుకుంటాను. కాని పెళ్ళైన కొత్తలో నాకు ఎన్ని సినిమాలు పాడుచేశాడో చెప్తే నువ్వే ఏడుస్తావు."

గాలి తగ్గింది. హోయెయ్-మారు పీకలదాకా స్క్విడ్‌తో రేవుకి వచ్చింది. కురొతా ఎవరితోనూ మాట్లాడకుండా, అందరికన్నా ముందు దిగి ఇంటికి పోయాడు. తెప్పెయ్ తప్ప మిగతావాళ్ళు ఇంటికి కూడా పోకుండా ఇసొగాయ్ దుకాణంలో ఆరో క్యాసెట్ పెట్టించుకుని చూసి, పెద్ద గొడవ చేశారు. వైర్లెస్‌లో విన్న పీతల రాజుతో యుద్ధం అందులో లేదట.

"పీతల రాజేడీ?" అని సరంగు నిలదీశాడు.

"మీరు పలకట్లేదు, అక్కడికి కథ అయిపోతోంది," అన్నాడు ఇసొగాయ్ తల గోక్కుంటూ. "ఏం చెయ్యమంటారు? ఒక రాజుని పెట్టాల్సొచ్చింది."

"దీనికన్నా నీ కథే బాగుంది," అని సరంగు విసురుగా క్యాసెట్ వెనక్కి తిప్పి, పెట్టెలో పెట్టి ఇచ్చాడు.

తర్వాత అది మినెకో ఇంటికి చేరింది. కుంపటి బల్ల కింద కాళ్ళు పెట్టుకుని, నారింజలు ఒలుచుకుంటూ, మొగుడూ పెళ్ళాలు మొదటినుంచి చివరిదాకా చూశారు. బాయిలర్ మూత తీసినచోట తెప్పెయ్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మూత కింద ఏముందో చూసి ఇద్దరూ నవ్వీ నవ్వీ నారింజ తొనలు పొలమారించుకున్నారు. పేర్లు పడ్డాయి. తెర నల్లబడింది.

అంతలో తలుపు మీద చిన్నగా చప్పుడైంది. తీస్తే గుమ్మంలో ఇసొగాయ్. నెత్తి మీద మంచు. అక్కడ ఎంతసేపటినుంచి నిలబడ్డాడో గాని ముక్కు ఎర్రబడిపోయింది.

"అయిపోయిందా?" అన్నాడు. "పాట వినబడింది. ఆఖరి పాటే కదూ? మరి... ఇప్పుడు చెప్పొచ్చా?"

మినెకో తెప్పెయ్ వైపు చూసింది. తెప్పెయ్ నవ్వు ఆపుకుంటూ, చెవిలో మరిచిపోయిన దూది ముక్క ఒకటి తీసి పక్కన పెట్టి, దిండు జరిపాడు.

"రండి బాబాయ్‌గారూ," అంది మినెకో. "లోపలికొచ్చి చెప్పండి. పాపం, ఆ ఓడకి చివరికి ఏమవుతుంది?"

ఇసొగాయ్ చెప్పులు విప్పి, వంగి లోపలికొచ్చి, కుంపటి బల్ల కింద కాళ్ళు జాపి, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఆపై ముందుకి వంగి, కనుబొమలు పైకెత్తి, ఇద్దరి చేతులూ చెరొకటీ పట్టుకున్నాడు.

"అందరూ క్షేమంగా ఇంటికి చేరతారు," అన్నాడు. "ముందు ఆ ముక్క చెప్పేస్తున్నా. మీరేం కంగారుపడకండి."